కోట హోటల్లో టైలరు మాస్టారు

వీధంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది గానీ, జన్మలో ఎవరికీ ఒక్క పాఠం చెప్పి ఎరుగడు. బట్టలు కుట్టే మాస్టారు. బస్టాండు వెనక సందులో, పగలు కూడా లైటు వేసుకోవాల్సిన చిన్న కొట్టు ఆయనది. ముందు గదిలో మిషన్లు, తెర వెనక కాపురం. మెళ్ళో టేపు ఎప్పుడూ ఉంటుంది. భోజనం దగ్గరా ఉంటుంది, పిల్ల బడిలో మీటింగుకు వెళ్ళినా ఉంటుంది. ఓసారి స్నానం చేసి వచ్చి, చొక్కా తొడుక్కోక ముందే టేపు వేసుకున్నాడని కూతురు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

కూతురి ముద్దుపేరు పిచ్చుక. చిన్నప్పుడు దాని నోరు మూతపడేది కాదు కాబట్టి నాన్నే పెట్టిన పేరు. ఇప్పుడు పన్నెండేళ్ళది. తల్లి నర్సు. ఆవిడకీ మాస్టారికీ పొసగలేదు. తప్పెవరిదని అడిగితే ఇద్దరూ ఎదుటి మనిషిది కాదనే అంటారు. ఇంత మంచివాళ్ళు ఒక ఇంట్లో ఎందుకు ఉండలేకపోయారో నాకైతే ఇప్పటికీ అంతుబట్టదు. ఆవిడ వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. అప్పట్లో అన్నీ రాత్రి డ్యూటీలు కావడంతో పిల్ల నాన్న దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు పగటి డ్యూటీ వచ్చింది, ఆసుపత్రి క్వార్టరు వచ్చింది, పక్కనే మంచి బడి ఉంది. సెలవులకు ముందు ఆవిడ ఫోన్ చేసింది.

"దాన్ని మనం చెరోవైపూ లాగొద్దు. సెలవులయ్యాక ఎవరి దగ్గర ఉంటానంటే వాళ్ళ దగ్గరే ఉండనిద్దాం, దానికీ అదే చెప్పాను. ఉండమని నువ్వూ అనొద్దు, రమ్మని నేనూ అనను. సరేనా?"

సరేనన్నాడు. ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే ఆయనకు కాస్త తెరిపిగా ఉండేది. న్యాయంగా మాట్లాడే మనిషితో పోట్లాడటం ఎవరి వల్లా కాదు.

ఆ సాయంత్రం మాస్టారు తన కొట్టును కొత్తగా వచ్చినవాడిలా చూశాడు. గోడ మూల చెమ్మ. నేలంతా గుడ్డపేలికలు. తెర వెనక తండ్రీకూతుళ్ళకు చెరో మంచం, మధ్యలో దారి ఒక్క మనిషికే. ఒకరు లేచి వెళ్ళాలంటే ఇంకొకరు కాళ్ళు ముడుచుకోవాలి. పిల్ల చదువుకునే బల్ల అంటే పగలు బట్టలు కత్తిరించే బల్లే. దాని పుస్తకాల నిండా దారప్పోగులు, అట్టల మీద సుద్ద గీతలు. 'నా దగ్గర ఏం చూసి ఉంటుంది?' అనుకున్నాడు.

ఒక సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. రోజూ పొద్దున్నే పిల్ల తల దువ్వి జడ వేసేది ఆయనే. అంత బిగువైన, తీరైన జడ ఆ బడిలో ఇంకొకరికి లేదు. పెన్సిళ్ళు పొడుచుకుని చిరగకుండా దాని యూనిఫాం జేబుకు లోపల రెండో పొర వేసేదీ ఆయనే. అంచుల్లో గుడ్డ దాచి ఉంచి, పిల్ల పొడుగైన కొద్దీ విప్పి దించేదీ ఆయనే. కానీ ఇవన్నీ ఆయన దృష్టిలో పనులు. పనిని ప్రేమ కింద జమ వేసుకోవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఇదిలా ఉండగా పాత గిరాకీ అయిన ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చాడు. మాటల్లో సెలవుల ప్రస్తావన వచ్చింది.

"పిల్లను ఆ థీమ్ పార్కుకు తీసుకెళ్ళండి మాస్టారూ. ఊరికే పార్కుకెళ్ళి వచ్చెయ్యడం కాదు, లోపలే రిసార్టు హోటలుంది, అందులో ఉండాలి. కోటలా కట్టారు. మావాళ్ళు ఇప్పటికీ అదే కబుర్లు. ఖర్చంటారా, తడిసి మోపెడవుతుంది. కానీ పిల్లలు జన్మలో మర్చిపోరు."

పక్క బడ్డీలో ఇస్త్రీ చేసే పెద్దాయన, ఎవరూ పిలవకుండానే, మాటల్లోకి దూరాడు.

"మర్చిపోనిది మీ పిల్లలు కాదు సార్, మీ జేబు. కళ్ళు మూసుకుని పడుకోవడానికి అంత తగలెయ్యాలా? గేటు బయట ఏదో ఓ లాడ్జీ ఉండదా? పొద్దున్నే టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్ళి, సాయంత్రం తిరిగొస్తే సరిపోయె. చూడ్డానికెళ్ళేది పార్కునా, పరుపునా?"

"అక్కడే ఉంది తేడా. పార్కులో ఉన్నంతసేపే పార్కు. ఆ హోటల్లో ఉంటే నిద్రలేచినా పార్కే. టిఫిన్ దగ్గరికి ఎలుగుబంటి వచ్చి పిల్లలకు షేక్‌హ్యాండ్ ఇస్తుంది, తెలుసా?"

"ఎలుగుబంటికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, పైగా డబ్బులు కూడా నేనే ఇవ్వాలా? ఇదెక్కడి చోద్యం!"

మాస్టారు అంచు కుడుతూ విన్నాడు. 'జన్మలో మర్చిపోరు' అన్న దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఉండమని తను అనకూడదు. మాటిచ్చాడు. తను అనలేని మాట ఆ హోటలు అంటుందన్న ఆశ అప్పుడు పుట్టింది. పుట్టాక ఇంక వదల్లేదు.

కొట్టులో అమ్మితే డబ్బొచ్చే వస్తువు ఒక్కటే ఉంది, కొత్త ఎంబ్రాయిడరీ మిషన్. బడుల బ్యాడ్జీలు, చొక్కాల మీద పేర్లు, అన్నీ దాని మీదే. దాన్ని కొన్నాకే మాస్టారు రెండు పూటలా ధీమాగా కొట్టు తెరుస్తున్నాడు. రంగులు మార్చేది, దారం ఎక్కించేది పిచ్చుకే. బడి నుంచి రాగానే సంచీ విసిరేసి దాని ముందు కూర్చునేది. ఆ మిషన్‌ను పక్క ఊరి టైలరుకు అమ్మేసి, పిల్లతో రిపేరుకు పంపానని చెప్పాడు.

సంగతి తెలిసి ఇస్త్రీ పెద్దాయన మండిపడ్డాడు.

"మతి పోయిందా తమ్ముడూ? అన్నం పెట్టే మిషన్‌నమ్మి ఎలుగుబంటిని చూసొస్తావా? అసలు దాన్నడిగావా, వెళ్తావా అని?"

"అడిగితే వద్దంటుందన్నా."

"వద్దనేదానికి ఇంత దేనికి మరి?"

మాస్టారు నవ్వేసి పాత మిషన్ తొక్కసాగాడు.

కోట అల్లంత దూరం నుంచే కనిపించింది. బురుజులు, జెండాలు, గుమ్మం ముందు నీళ్ళు, నీళ్ళ మీద చెక్క వంతెన. పిచ్చుక బస్సు కిటికీలోంచి మెడ సాచి "ఇదా? ఇందులోనా మనం?" అని పదిసార్లు అడిగింది. మాస్టారి కడుపు నిండిపోయింది. గుమ్మం దగ్గర రాజభటుడి వేషంలో ఒకతను నిలబడి ఉన్నాడు. కోటు భుజాలు వాడివి కావు, ఇంకెవరివో. ఆ కుట్టు విప్పి లోపలికి తియ్యాలని మాస్టారి వేళ్ళు లాగాయి. ఆ భటుడే చటుక్కున వచ్చి ఆయన చేతిలో సంచీ లాక్కున్నాడు.

"పర్లేదు బాబూ, నేను మోసుకుంటాను."

"మీరు గెస్టులు సార్. మీరు మొయ్యకూడదు."

మెత్తని సంచీ, అందులో రెండు జతల బట్టలు. అది చక్రాల బండి మీద ఊరేగుతూ ముందు వెళ్తుంటే, వెనకాల ఖాళీ చేతులతో నడవడానికి మాస్టారికి సిగ్గేసింది.

గది మాత్రం చెప్పుకోవలసిందే. మంచం ఓడ ఆకారంలో ఉంది. పైకప్పు మీద మీట నొక్కితే నక్షత్రాలు వెలిగాయి. కిటికీలోంచి పార్కులోని జెయింట్ వీల్ తిరుగుతూ కనిపించింది. దాన్ని చూపించే కిటికీకి వేరే ధర ఉందట, ఆ ధర కూడా మాస్టారు కట్టాడు. పిచ్చుక చెప్పులతోనే మంచం ఎక్కి గెంతింది. కబుర్లే కబుర్లు. కొళాయి సింహం నోట్లోంచి వస్తోందని ఒకటి, సబ్బు కిరీటంలా ఉందని ఒకటి. చాలా రోజుల తర్వాత దానికి పేరు సార్థకమైంది. 'పారింది పాచిక' అనుకుని మాస్టారు ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి పిల్ల మంచం అంచున కుదురుగా కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కొట్టు సెల్‌ఫోన్ ఒళ్ళో ఉంది. గిరాకీల ఫోన్లు ఎత్తి మాట్లాడటం దానికి రోజూ అలవాటే.

"ఎవరమ్మా?"

"ఎవరో... బట్టల గురించి. చెప్పేశాలే నాన్నా."

ఆ తర్వాత అది మీట నొక్కలేదు, కిటికీ దగ్గరికీ వెళ్ళలేదు. మాస్టారు తనే నొక్కి "చూడు, నక్షత్రాలు" అన్నాడు. "ఊఁ, బాగున్నాయి" అంది. అమ్మ గుర్తొచ్చిందేమో అనుకున్నాడు. అమ్మ అయితే ఇలాంటి చోట్ల ఎలా మసలాలో తెలిసిన మనిషి. తను సింహం నోటికి ఎదురుగా నిలబడి, కొళాయి ఎటు తిప్పాలో తెలీక, సగం స్నానం చల్లనీళ్ళతోనే కానిచ్చి వచ్చాడు.

మర్నాడు అలవాటు కొద్దీ పెందలాడే లేచి, దుప్పట్లు మడతపెట్టి, పరుపు సర్ది, అంచులు ముడత లేకుండా లాగి పెట్టాడు. గదులు శుభ్రం చేసే ఆవిడ వచ్చి చూసి బెంబేలెత్తిపోయింది.

"అయ్యో, మీరెందుకు చేశారండీ? సూపర్‌వైజరు చూస్తే నేను ఆలస్యంగా వచ్చానని తిడతాడు."

ఆయన క్షమించమన్నాడు. ఆవిడ ఆయన కళ్ళ ముందే పరుపంతా విప్పేసి మళ్ళీ సర్దింది. ఆయన సర్దినంత బాగా మాత్రం రాలేదు. మాస్టారు దువ్వెన తీసి "రా అమ్మా, జడ వేస్తాను" అన్నాడు. ఇంతలో ఆ ఆవిడే మంచి మాట చెప్పింది. ఈ గది తీసుకున్న ఆడపిల్లలకు కింద సెలూన్లో రాకుమారి జడ వేస్తారని, అది గది ఖర్చులోనే కలిసి ఉందని. కట్టిన డబ్బు వదులుకోవడం ఎందుకని మాస్టారే పిల్లను కిందికి తీసుకెళ్ళాడు. అద్దం ముందు ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, గులాబీరంగు గౌను వేసుకున్న ఒకమ్మాయి పిచ్చుక జుట్టులో మెరుపుల పూసలు గుచ్చి, ఏవేవో మెలికలు తిప్పింది. మాస్టారు గోడకు ఆనుకుని దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు. జడ వదులుగా ఉందని తెలుస్తూనే ఉంది. మధ్యాహ్నానికల్లా ఊడుతుంది. ఎవరికి చెప్తాడు?

"బాగుందా నాన్నా?" అని అద్దంలోంచి అడిగింది పిల్ల.

"రాకుమారిలా ఉన్నావు," అన్నాడు.

టిఫిన్ దగ్గరికి ఎలుగుబంటి వచ్చింది. ఇన్సూరెన్సు ఆయన అబద్ధమాడలేదు. అది చెయ్యి ఎత్తేసరికి చంకలో కుట్టు ఇంత పొడుగున విడిపోయి, లోపలి మనిషి బనీను కనిపించింది. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. సూదీ దారం ఆయన జేబులో లేని రోజుండదు. "ఒక్క నిమిషం బాబూ, అలా పక్కకు వస్తే కుట్టేస్తాను" అన్నాడు. ఎలుగుబంటి మాట్లాడకూడదు గనక తల అడ్డంగా ఊపింది. దాని పక్కనున్న కుర్రమేనేజరు నవ్వుతూ, ఎంతో మర్యాదగా అడ్డం వచ్చాడు.

"థాంక్యూ సార్. మీరు పని చెయ్యడానికి రాలేదు కదా. ఎంజాయ్ చెయ్యండి."

ఎంజాయ్ చెయ్యడం ఎలాగో తెలిస్తే ఆయన చెయ్యకపోనా? పిచ్చుక ఒక్కతే తండ్రి చేతిలోని సూదిని చూసింది. చూసి, కంచంలోకి తల దించుకుంది.

పార్కులో ఇంకో తమాషా. గిర్రున తిరిగే చెక్కగుర్రాల మీద పిల్లను ఎక్కించాలని మాస్టారు కలలు కని వచ్చాడు. అక్కడ కొలబద్ద బోర్డు ఉంది, అంతకు మించి పొడుగున్న పిల్లల్ని ఎక్కనివ్వరు. ఊరి పిల్లలందరి కొలతలూ నోటికి చెప్పగల మనిషి, సొంత కూతుర్ని మాత్రం ఇంకా గుర్రం బొమ్మల వయసులోనే ఉంచుకున్నాడు. మరి దాని వయసు పిల్లలు ఎక్కేది పట్టాల మీద తలకిందులుగా దూసుకుపోయే బండి. అదెక్కితే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. కాబట్టి పిల్ల ఒక్కతే పైన, ఆయన కింద, దాని చెప్పులూ నీళ్ళ సీసా పట్టుకుని. పైనుంచి అరుపులు వినిపించాయి. అందులో తన పిల్ల గొంతు ఏదో ఆయనకు తెలియలేదు.

మధ్యాహ్నానికి జడ ఊడింది. మాస్టారు సంతోషంగా చెయ్యి చాపేలోపు, పిల్ల రబ్బరు బ్యాండుతో జుట్టంతా గట్టిగా లాగి కట్టేసుకుంది. ఐస్‌క్రీం కొంటానంటే వద్దంది. ఎలుగు చెవుల టోపీ కొంటానంటే వద్దంది. కోట ముందు ఫోటో తీసి చట్రం కట్టి ఇస్తారు, అదీ వద్దంది. వద్దన్న కొద్దీ ఆయనకు భయం పెరిగింది. ఇంకా సరిపోలేదన్నమాట, ఇంకా ఏదో చెయ్యాలన్నమాట. వద్దంటున్నా టోపీ కొన్నాడు, ఫోటో తీయించాడు. ఆ ఫోటోలో ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

సాయంత్రం ఓడ మంచం మీద కూర్చుని పిల్ల అడిగింది.

"నీకు నచ్చిందా నాన్నా ఇక్కడ?"

"చాలా బాగుందమ్మా. నీకో?"

"నాక్కూడా చాలా బాగుంది."

వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఇంత మర్యాదగా ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఖర్చుకు తగ్గ హోటలేనా అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. పరుపు మెత్తన, నీళ్ళు వేడి, నౌకర్లు బంగారం లాంటివాళ్ళు. ఒప్పుకున్నదాంట్లో ఒక్కటీ తగ్గించలేదు. సంచీ మొయ్యడం దగ్గర్నుంచి జడ వెయ్యడం దాకా తండ్రి చేసే పనులన్నీ వాళ్ళే చేసిపెట్టారు. ఆ పనులు తప్ప కూతురితో ఇంకో భాష రానివాడు అక్కడ ఏమైపోవాలో మాత్రం వాళ్ళను అడిగి లాభం లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఊరు దాటాక పిల్ల అంది.

"నాన్నా, నేను అమ్మ దగ్గరికెళ్తాను."

మాస్టారి నోట్లోంచి వచ్చిన మాటకు తర్వాత తనే తల బాదుకున్నాడు.

"హోటలు బాలేదా అమ్మా?"

"బాగుంది నాన్నా. అందుకు కాదు." అది కిటికీ వైపు తిరిగింది. "మొన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు మన మిషన్ కొన్నాయన ఫోన్ చేశాడు. దారం ఊరికే తెగిపోతోందట. ఏం చెయ్యాలని అడిగాడు."

మాస్టారు మెళ్ళో టేపు చేత్తో పట్టుకున్నాడు.

"ఏం చెప్పావు?"

"పైన స్క్రూ కొంచెం వదులు చెయ్యమన్నా. ఎర్ర దారం అయితే ఇంకొంచెం."

"సరిగ్గానే చెప్పావు," అన్నాడు. అనకుండా ఉండలేకపోయాడు.

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా, పక్క సీట్లవాళ్ళకు తెలియకుండా. "రిపేరు అన్నావు కదా నాకు. నేనడిగానా ఈ హోటలు? టోపీ వద్దన్నా కొన్నావు. నేను నీ దగ్గరుంటే నువ్వు ఇలాగే చేస్తావు."

చెప్పుకోవాల్సింది చాలా ఉంది. ఇది రోజూ చేసే పని కాదని, నువ్వు పోతావేమోనన్న భయంతో చేశానని, ఉండమని అనే వీలు లేక చేశానని. అవన్నీ వదిలేసి, ఆఖరికి ఇచ్చిన మాట పక్కన పెట్టేశాడు. దాని చెయ్యి పట్టుకుని, ఇన్ని రోజులూ అననిది అనేశాడు.

"వెళ్ళకమ్మా. నా దగ్గరే ఉండు."

పిల్ల కళ్ళు తుడుచుకుని ఆయన ముఖంలోకి చూసింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఉంటే, ఈసారి ఏం అమ్ముతావు నాన్నా?"

ఏమీ అమ్మనని చెప్తే సరిపోయేది. చెప్పబోయాడు కూడా. కానీ ఆ అడగడంతోనే, కొట్టులో మిగిలినవన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. పాత మిషన్ ఉంది, అడిగేవాళ్ళున్నారు. బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఉంది. కొట్టు అడ్వాన్సు ఉంది. ఆయన మనసు అప్పుడే బేరం మొదలుపెట్టేసింది. పన్నెండేళ్ళుగా ఆ ముఖాన్ని చూస్తున్న పిల్లకు అది దాగలేదు.

"చూశావా," అంది. అని, ఆయన చేతిలోంచి తన చెయ్యి తీసుకోకుండానే, రెండో చేత్తో అమ్మకు ఫోన్ కలిపింది.